ఫిడేలు మీద బర్త్‌డే పోస్టరు

మా విజయనగరంలో గోడ మీద బొమ్మ వేస్తే నాలుగు రోజులు కూడా బతకనివ్వరా బాబూ! ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు వాయిస్తున్న బొమ్మ ఎంత ముచ్చటగా ఉండేదో, ఇప్పుడు ఆ ఫిడేలు మీద ఎవరో వార్డు లీడరు పుట్టినరోజు పోస్టరు, కింద నుంచి కమాను కొస మాత్రం కనిపిస్తోంది. పక్కనే పైడితల్లి అమ్మవారి పండగలో పూజారి గారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, అదే సిరిమాను బొమ్మ, ఆయన కూర్చునే చోట ట్యూషన్ సెంటర్ ప్రకటన, అడుగంతా కిళ్లీ ఉమ్ములు. ఛీ.

పోనీ బొమ్మ కింద పేరైనా రాస్తారా అంటే అదీ లేదు. 1919లో మొదలైన మన సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు, ఘంటసాల చదువుకున్నదీ అక్కడే, ఇదంతా సెల్ఫీలు దిగే పిల్లలకి ఎవరు చెప్పాలి? మొన్న ఒకాయన దాసు గారి బొమ్మ చూపించి "ఎవరో స్వామీజీ రా" అని కొడుక్కి చెబుతున్నాడు! రెండు లైన్లు రాయడానికి పెయింటు కరువా? ఎండలో నిలబడి బొమ్మలేసిన కుర్రాళ్ల పేర్లూ ఉండవు, రిబ్బన్ కత్తిరించిన వాళ్ల పేర్లు మాత్రం ఇంత లావు అక్షరాల్లో.

దసరా వెళ్లాక సిరిమాను పండగకి మళ్లీ రంగులేస్తారట. ముందు ఆ పోస్టర్లు పీకించండి, నానిన గోడకి పెచ్చులు గీకి ప్రైమర్ కొట్టించండి, తర్వాత వేద్దురుగాని.