విరేచనమా, ఉక్క తీరడమా?

(విశాఖ బీచ్‌రోడ్డు, మే సాయంత్రం. పేచీ ఇది: లోపల అణిగిన ఉద్వేగం బయటపడి మనసు తేలికవడాన్ని చెప్పే ఇంగ్లీషు ‘కెథార్సిస్’కి, పోర్చుగీసు ‘కతార్సె’కి తెలుగులో ఒక్క మాట చాలునా?)

నాటకాల మాస్టారు: చాలకేం? రెండూ ఒకే గ్రీకు మాట. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్ర గ్రంథం ‘పొయెటిక్స్’ 6వ అధ్యాయంలో ట్రాజెడీ జాలినీ భయాన్నీ పుట్టించి వాటిని కడిగేస్తుందన్నాడు. క్షాళనం అను, పనైపోతుంది.

సబ్‌టైటిల్ అనువాదకురాలు: మరి ‘భావ విరేచనం’ అని కూడా రాస్తారేం మాస్టారూ?

మాస్టారు: అది వైద్యం దారి. 1857లో జర్మన్ పండితుడు యాకోబ్ బెర్నైస్ ఆ అర్థాన్నే గట్టిగా నిలబెట్టాడు. ఇంగ్లీషు ‘కెథార్టిక్’కి ఇప్పటికీ విరేచనాల మందనే అర్థముంది. మన ప్రేక్షకుడి ముందు ఆ మాట వేస్తే మాత్రం ఏడవాల్సిన చోట నవ్వుతాడు.

అనువాదకురాలు: నా గొడవ వేరు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను వీధిలోకి తెచ్చేశారు. ఫోన్లో గంటసేపు గోడు వెళ్లబోసుకున్నా ‘కెథార్టిక్’ అంటారు. పోర్చుగీసులో అక్కడ పలికేది ‘దెజబాఫు’.

మాస్టారు: ఏటమ్మా అది?

అనువాదకురాలు: ‘బాఫు’ అంటే నోటి ఆవిరి. ‘అబఫార్’ అంటే ఊపిరాడకుండా మూసిపెట్టడం. ముందు ‘దెజ్’ చేరిందా, మూత తీసినట్టు. గాలాడని వాతావరణాన్ని ‘అబఫాదు’ అంటారు. అదిగో, ఇప్పుడు మనకి పోస్తున్న ఉక్కే.

మాస్టారు: బాగానే ఉంది. కానీ వియన్నా డాక్టర్లు బ్రోయర్, ఫ్రాయిడ్‌లు మనోరోగాల చికిత్స గురించి 1895లో రాసిన కెథార్టిక్ పద్ధతిలోనూ రోగి చెప్పుకునేది సొంత గోడేగా! గీత ఎక్కడ గీస్తావు?

అనువాదకురాలు: అక్కడ మరుగునపడిన సంఘటన, దాని ఉద్వేగంతో సహా, పైకి రావాలి. రోజూ గుర్తొచ్చి సలిపేదాన్ని కక్కేస్తే దెజబాఫు. అసలు ముప్పు ఇంకోటుంది. పోర్చుగీసులో ‘అల్మ లవాద’ అంటే కడిగిన ఆత్మ. పదానికి పదం మీ క్షాళనమే. కానీ బ్రెజిల్‌లో పాత ఓటమికి బదులు తీర్చుకున్నప్పుడు అనే మాట అది. తెలుగులో ‘కసి తీరింది’ అనాలి.

మాస్టారు: అయితే ఏం రాస్తావు?

అనువాదకురాలు: నాటకశాలలో క్షాళనమే, మీదే నెగ్గింది. ఫోన్ సీనులో ‘గుండె బరువు దిగింది’. తెరమీద సెకనే ఉంటే ‘హమ్మయ్య’.

మాస్టారు: అరిస్టాటిల్‌ మాటకి హమ్మయ్యా!