రీసేల్ వాల్యూ గారికి ఒక పెళ్లి వీడియోగ్రాఫర్ విన్నపం

మహారాజశ్రీ రీసేల్ వాల్యూ గారి దివ్య సముఖమునకు,

విజయవాడ గవర్నర్‌పేట నుంచి పెళ్లి వీడియోలు తీసుకుని బతికే ఒకడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నేను ఇక్కడ క్షేమం. మీ ఆరోగ్యమే బాగాలేదని ఏలూరు రోడ్డులో అందరూ అనుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మనకు పరిచయం షోరూమ్‌లో. కెమెరా రేటు విని నేను కుర్చీలోంచి లేవబోతుంటే కౌంటర్ వెనక కుర్రాడు మీ పేరెత్తాడు. "సార్, ఈ మోడల్‌కి రీసేల్ వాల్యూ సూపర్ సార్. రెండు మూడేళ్లు వాడుకుని అమ్మినా సగానికి పైనే వస్తుంది" అన్నాడు. మీరు పక్క గదిలో కూర్చుని టీ తాగుతున్నంత ధీమాగా అన్నాడు. ఆ మాట మీదే ఫైనాన్స్ కాగితాల మీద సంతకం పెట్టాను. హామీదారు అన్న చోట మా బావమరిది పేరు రాశాను గానీ, నా మనసులో హామీ మీరే. బావమరిది ఇప్పటికీ ఫోన్ ఎత్తుతున్నాడు. ఎత్తనిది మీరే.

వాడిన కొద్దీ మీరు తగ్గితే నేను కాదనను. కెమెరా కల్యాణ మండపం మెట్ల మీద పడినా, వర్షంలో ఊరేగింపు తీసినా మీకు దెబ్బ తగలడం న్యాయమే. కానీ నా కెమెరా బ్యాగులో కదలకుండా పడుకుని ఉండగా, ఎక్కడో సముద్రాల అవతల ఎవరో కొత్త మోడల్ ప్రకటిస్తే ఇక్కడ మీకు పక్షవాతం వస్తుంది. లోకమంతా చూసిన సంగతే చెబుతాను. సోనీ వాళ్లు 2020 జులైలో ఎ7ఎస్ 3 అనే కెమెరా ప్రకటించారు. ఇక్కడికి వచ్చేసరికి బాడీ, అంటే లెన్సు లేని కెమెరా ఒక్కటే 3,34,990 రూపాయలు. 2021 ఫిబ్రవరిలో బొమ్మను పట్టే అదే సెన్సార్‌తో, లోపల చల్లబరిచే ఫ్యాన్ పెట్టి, ఎఫ్ఎక్స్3 ప్రకటించారు. మధ్యలో గడిచింది ఏడు నెలలు. బెజవాడ మే నెల ఎండలో పనిచేసేవాడికి ఫ్యాన్ ఉన్న కెమెరా వచ్చిందని చెప్పాక, ఫ్యాన్ లేనిదాన్ని పాత రేటుకి ఎవడు కొంటాడు?

ప్రభుత్వం కూడా మిమ్మల్ని ప్రేమగానే చంపింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వీడియో కెమెరాల మీద 28 శాతం వేశారు. 2018 డిసెంబర్ 22న కౌన్సిల్ కూర్చుని దాన్ని 18కి దించింది. 2019 జనవరి 1 నుంచి అమలు. దేశమంతా చప్పట్లు కొట్టింది. ధనుర్మాసంలో గిరాకీ ఉండదు, రేటు దిగుతుందని బేరమాడి ఆ ముందు వారమే కొన్నవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొత్తది చవకైతే పాతది ఇంకా చవకవ్వాలిగా! పన్ను తగ్గినందుకు ఏడ్చినవాళ్లు ఈ దేశంలో మా వృత్తిలోనే ఉంటారు.

మీకు ఇంకో అవతారం ఉంది, అది మా ఆడిటర్ గారి దగ్గర ఉంటుంది. ఆదాయపు పన్ను లెక్కలో యంత్రాలకు ఏడాదికి 15 శాతం తరుగుదల. మూడు లక్షలకు కొన్న కెమెరా ఆయన పుస్తకంలో మూడేళ్ల తర్వాత కూడా లక్షా 84 వేల పైచిలుకు ఉంటుంది. ఆ అవతారంలో మీరు ఎంత కళగా ఉంటారో! "మరి ఆ రేటుకి మీరే కొనండి" అంటే ఆయన కళ్లజోడు సర్దుకుని టీడీఎస్ గురించి మాట్లాడటం మొదలెడతారు.

సరే, అమ్మకం సంగతికి వద్దాం. మీరు హాజరు కావాల్సిన చోటు అదే.

మొన్న తెనాలి నుంచి ఒక కుర్రాడు కెమెరా చూడ్డానికి వచ్చాడు. వచ్చీరాగానే కెమెరా అడగలేదు. "అన్నా, బాక్స్ ఉందా? బిల్లు ఉందా?" అన్నాడు. ఉన్నాయి మరి! ఆ అట్టపెట్టెను కొన్నరోజు నుంచీ బీరువా మీద దుప్పటి కప్పి కాపాడుతున్నాను. లోపలి థర్మకోల్ విరిగితే మీరు అయిదు వేలు తగ్గిపోతారని భయం. మా ఆవిడ అందులో బొమ్మల కొలువు బొమ్మలు పెట్టుకుంటానంటే కూడా ఒప్పుకోలేదు. తర్వాత వాడు సెల్‌ఫోన్ టార్చి వేసి లెన్సులోకి ఒక కన్ను మూసి చూశాడు, ఫంగస్ కోసం. స్క్రూల తలకాయల మీద గీతలున్నాయా, అంటే ఎవరైనా విప్పారా అని గోటితో తడిమి చూశాడు. లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, అదే అపర్చర్, బాగా చిన్నది చేసి, నా పంచె అడిగి తీసుకుని దాన్ని ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి మూల మూలా వెతికాడు. డీజే లేజర్ లైటు తగిలిందేమోనని. తగిలితే సెన్సార్ మీద చుక్కో గీతో పడుతుంది, ఇక పోదు. ఊరేగింపులో ఆ ఆకుపచ్చ గీతలు మన మొహం మీదకు తిరిగినప్పుడల్లా నా గుండె ఆగుతుంది. పెళ్లికొడుకు స్నేహితులు మాత్రం "అన్నా, లేజర్ బాగా పడాలి వీడియోలో" అంటారు.

అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు అడిగాడు: "అన్నా, సింగ్ నగర్‌లో గానీ ఉండేదా ఇది?" 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగినప్పటి నుంచి ఈ ఊళ్లో సెకండ్ హ్యాండ్ సరుకుకి ఇదొక కొత్త పరీక్ష. గవర్నర్‌పేట అన్నాను. నమ్మి, ఒకసారి వాసన చూశాడు.

"లాస్ట్ ఎంతన్నా?"

లక్షా డెబ్బై అన్నాను. వాడు బేరమాడితే బాగుండేది. ఫోన్ తీసి, పండగ ఆఫర్‌లో అదే మోడల్ సీల్డ్ పీస్ ఎంతకొస్తుందో చూపించాడు. వారంటీ, బ్యాగు, కార్డు ఫ్రీ. ఆ రేటుకీ నా రేటుకీ మధ్య ఉన్న తేడాతో తెనాలికి కారు మాట్లాడుకుని వెళ్లొచ్చు, అంతే. వాడు టీ తాగి, టీకి నేనే డబ్బులిస్తే కాదనకుండా బస్సెక్కాడు. అంతసేపూ మీకోసం గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను.

మీరు రాకపోయినా పర్వాలేదనుకుందామంటే, అప్‌గ్రేడ్ గారు ఆగరు. ఆయన ఒక్కడే వస్తే సర్దుకోవచ్చు, కుటుంబంతో దిగుతాడు. మినీడీవీ టేపు రోజుల్లో గంట వీడియోకి 13 జీబీ చాలు. ఇప్పుడు మామూలు 4కెలో సెకనుకు 100 మెగాబిట్లన్నా గంటకు 45 జీబీ. కాస్త నాణ్యమైన రికార్డింగ్ పెడితే సెకనుకు 250 మెగాబిట్లు, గంటకు 112 జీబీ. దానికి వేగంగా రాసుకునే కార్డులు కావాలి. ఆ కార్డులకు వేరే రీడర్. ఆ ఫైళ్లు తెరిస్తే మిక్సింగ్ చేసే పాత కంప్యూటర్ గాల్లో దీపమే, కాబట్టి కొత్త కంప్యూటర్. హార్డ్ డిస్కులు రెండు సెట్లు. ఇన్ని లక్షలు పోసి తీసిన తలంబ్రాలను పెళ్లివారు చివరికి ఎక్కడ చూస్తారయ్యా అంటే, వాట్సాప్ స్టేటస్‌లో, నిలువుగా కత్తిరించి, మా పేరు కూడా పోయేలా.

చూసేది ఫోన్‌లోనైనా అడిగేది మోడల్ పేరే. పెళ్లికూతురు అన్నయ్య "ఎఫ్ఎక్స్3 ఉందా బ్రదర్?" అని అడుగుతాడు. వాళ్ల నాన్నగారు మాత్రం నా చేతిలో ఉన్నదాన్ని చూసి "ఇంత చిన్నదా? భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా లేదా బాబూ?" అంటారు. ఈ ఒక్క విషయంలో మీరు పెద్దవాళ్ల పక్షమే. సోనీ ఎంసీ2500 అని భుజం మీద మోసే కెమెరా ఉంది, చూస్తే టీవీ ఛానల్ వాళ్లు వచ్చారేమోనని మండపంలో జనం చీర కొంగులు సర్దుకుంటారు. లోపలి సెన్సార్ ఇంచుమించు కందిబద్దంత. మిగతాదంతా హోదా. కెమెరా కన్నా ఆకారానికే రీసేల్ ఉంటుందని మీరు ముందే చెప్పి ఉంటే నేను ఆకారమే కొనుక్కునేవాణ్ణి కదా.

పెద్ద ఇళ్లల్లోనూ ఇదే తంతు. రెడ్ అనే అమెరికా కంపెనీ 2007లో మొదటి కెమెరా అందించినప్పుడు, బాడీ 17,500 డాలర్లు పెట్టి, కెమెరా పాతబడటమనేదే ఇక పాతమాట అని నినాదమిచ్చింది. ఆ తర్వాత ఎన్ని మోడళ్లు, ఎన్ని కొత్త సెన్సార్లు, ఎన్ని రకాల కార్డులు మారాయో వాళ్ల పాత కస్టమర్లను అడగాలి. పోయి పోయి 2024లో ఆ కంపెనీనే నికాన్ కొనేసింది. సోనీ ఎఫ్5 అని ఇంకోటి 2012లో ప్రకటించారు. కొన్నాళ్లకు వాడేవాళ్లలోనే ఒకరు, సెట్టింగుల ఫైలులో ఒక చిన్న మార్పు చేస్తే కెమెరా లోపలే 4కె రికార్డు అవుతుందని కనిపెట్టారు. తర్వాత కంపెనీ వాళ్లే ఆ తాళంచెవిని దాదాపు వెయ్యి డాలర్లకు అమ్మకానికి పెట్టారు. మనం కొన్న ఇంట్లో వంటగదికి తాళం వేసి, తాళంచెవికి విడిగా బిల్లు. అయినా ఆ పద్ధతి నాకు కాస్త నచ్చింది. కొత్త ఇల్లు కొనమనడం కన్నా నయం.

ఒక విషయం మాత్రం షోరూమ్‌లో ఎవరూ చెప్పరు గనుక నేను బయటపెడుతున్నాను. మీరు బాడీల్లో కాపురం ఉండరు. ఉంటే గింటే మంచి లెన్సుల్లో, గట్టి ట్రైపాడ్‌లో ఉంటారు. లెన్సును బాడీకి బిగించే కెనాన్ ఈఎఫ్ మౌంటు 1987లో వచ్చింది. 2018లో ఆర్ఎఫ్ మౌంటు వచ్చినా అడాప్టర్ పెట్టుకుని ఆ పాత లెన్సులు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. అందుకే నా సలహా అడిగిన కుర్రాళ్లకు లెన్సు కొను, బాడీ అద్దెకు తెచ్చుకో అంటాను. వాళ్లు తలాడిస్తారు. మాఘమాసంలో ఒకే రాత్రి ఊరంతా పెళ్లిళ్లు పడి, అద్దె బాడీ ఒక్కటీ దొరక్క, తెల్లవారుజామున ముహూర్తం పెట్టుకుని అర్ధరాత్రి నాకే ఫోన్ చేస్తారు.

ఇక ఈఎంఐ గారు. ఆయనకు పంచాంగం తెలియదు. 2024లో ఏప్రిల్ చివర మూఢం మొదలైంది, దాని వెనకే ఆషాఢం, శ్రావణం దాకా మండపాలకు తాళాలు. మధ్యలో మేలో ఎన్నికలొచ్చి, వీడియో నిఘా బృందాల్లో కొందరికి పని దొరికింది గనుక కాస్త ఊపిరాడింది. లేకపోతే మూడు నెలలు జీలకర్ర బెల్లం లేదు, బయానా లేదు, అయిదో తారీఖు మాత్రం తప్పకుండా వచ్చేది. శుక్రుడు అస్తమించాడని బ్యాంకుకి ఎవరు చెబుతారు?

మీకు కోపం రాదంటే ఇంకో ముక్క. మా ఇంట్లో పీడీ170 ఒకటుంది. టేపు కెమెరా, 2003 నాటి మోడల్. దాని మెనూలో టేపు చదివే డ్రమ్ము ఎన్ని గంటలు తిరిగిందో చూపించే మీటరుంటుంది. మీరు దాన్ని వదిలేసి చాలా ఏళ్లయింది. పాత సామాన్ల వాడు కూడా బరువు చూసి పెదవి విరిచాడు. ఇప్పుడు అదే రోజూ పనిలో ఉంది. అప్పట్లో పెళ్లయినవాళ్ల పిల్లలు కాలేజీలకొచ్చారు. అమ్మానాన్నల పెళ్లి టేపులు సంచుల్లో పట్టుకొచ్చి "అంకుల్, పెన్‌డ్రైవ్‌లో వేసివ్వరా?" అంటున్నారు. టేపు ఆడించాలంటే ఆ కెమెరా కావాలి, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ కేబుల్ కావాలి, రెండూ ఊళ్లో ఎక్కువ మంది దగ్గర లేవు. టేపుకింత అని తీసుకుంటున్నాను. కొత్త కెమెరా వాయిదా కొన్ని నెలలుగా ఆ ముసలిదే కడుతోంది. మొన్న ఒకాయన దానికి రేటు అడిగాడు. అమ్మనన్నాను. పదివేలన్నాడు. మీరే వచ్చి అతని నోట పలికారేమోనని అనుమానమొచ్చింది. అయినా అమ్మను.

ప్రస్తుతానికి విషయమేమిటంటే, వచ్చే ఆదివారం సాయంత్రం గుంటూరు అరండల్‌పేట నుంచి ఇంకొకాయన కొత్త కెమెరా చూడ్డానికి వస్తున్నాడు. బిల్లు ఉంది, బాక్స్ ఉంది, ఉతికిన పంచె సిద్ధంగా ఉంది. తమరు దయచేసి అయిదింటికల్లా వచ్చి కూర్చోండి. టీ ఖర్చు నాదే.

ఇట్లు,
తమరిని నమ్మి సంతకం పెట్టిన,
గవర్నర్‌పేట వీడియోగ్రాఫర్