గేమ్ పోర్ట్‌ను దేన్ని చూసి మెచ్చుకోవాలి?

2014 ఏప్రిల్‌లో ‘డార్క్ సోల్స్ 2’ అనే వీడియో గేమ్ పీసీకి వచ్చింది. కొద్ది రోజులకే ఆడేవాళ్లకు ఒక సంగతి తట్టింది. కత్తులు కన్సోల్‌లో (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్‌లో) కంటే చాలా త్వరగా విరిగిపోతున్నాయి! ఆయుధాల అరుగుదల ఫ్రేమ్ రేటుతో, అంటే తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు మారతాయన్న లెక్కతో ముడిపడి ఉండటమే కారణం. పాత కన్సోళ్లలో ఆట సెకనుకు 30 ఫ్రేముల దగ్గర నడిచేది కాబట్టి తేడా తెలియలేదు. పీసీలో అది 60 అయ్యేసరికి అరుగుదల రెట్టింపైంది. దాన్ని సరిచేయడానికి దాదాపు ఏడాది పట్టింది.

పోర్ట్ అంటే ఉన్న ఆటను ఇంకో మెషీన్‌లోకి ఎక్కించడమేగా అనుకుంటాం. కానీ ప్రతి గేమ్‌లోనూ అది పుట్టిన మెషీన్‌ను నమ్ముకుని రాసిన లెక్కలు బోలెడు దాక్కుని ఉంటాయి. ఏవి ఆటకు ప్రాణం, ఏవి ఆ మెషీన్ పెట్టిన ఇబ్బందులు అని తేల్చుకోవడమే అసలు పని.

ఇది బాగా తెలిసినవాళ్లు 1999లో నింటెండో 64 కన్సోల్‌కు ‘రెసిడెంట్ ఈవిల్ 2’ అనే హారర్ గేమ్‌ను తెచ్చిన ఏంజెల్ స్టూడియోస్ వాళ్లు. అంతకుముందు వచ్చిన ప్లేస్టేషన్ కన్సోల్‌లో ఆ ఆట రెండు సీడీలు. నింటెండో కార్ట్రిడ్జ్‌లో (మెషీన్‌లో గుచ్చే గేమ్ డబ్బీలో) ఉన్న చోటు 64 ఎంబీ. రెండు సీడీల్లోనూ కొంత సరుకు ఒకటే అనుకున్నా, ఇది జరిగే పనిలా కనిపించదు. వీడియోలు తీసిపారేస్తే సగం తలనొప్పి పోయేది. వాళ్లు ఆ దారి పట్టలేదు. వీడియోల్లో ఫ్రేములు తగ్గించి, మధ్యలో లేనివాటిని ఆడేటప్పుడు మెషీనే పూరించుకునేలా చేశారు. బొమ్మ మసకబారింది, నిజమే. కానీ భయం తగ్గలేదు. పైగా వస్తువుల చోట్లు మారిపోయే కొత్త మోడ్ ఒకటి అదనంగా ఇచ్చారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఇది నాసిరకమే. నా లెక్కలో మాత్రం గొప్ప పోర్ట్.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ 2015 జూన్‌లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్’ పీసీ వెర్షన్. మెషీన్‌కు శక్తి కొదవలేదు, అయినా ఆట నత్తనడక నడిచింది. రోజుల్లోనే అమ్మకాలు ఆపేశారు, మళ్లీ అక్టోబర్‌లో పెట్టారు.

మన దగ్గర పబ్జీ విషయంలో వాదన ఇంకోలా ఉండేది. పీసీలో ఆడినవాళ్లు ఫోన్ వెర్షన్‌ను చూసి “అదీ ఒక ఆటేనా” అనేవాళ్లు. వస్తువులు వాటంతటవే బ్యాగులోకి వచ్చేస్తాయి, అడుగుల చప్పుడు మ్యాప్‌లో గుర్తుగా కనిపిస్తుంది, గురిపెట్టడానికి సాయం ఉంటుంది. దీన్ని పోర్ట్ అనాలా, కొత్తగా కట్టిన ఆట అనాలా అన్నది చర్చించాల్సిందే. కానీ ఆ మార్పులను తక్కువ చేయడం సరికాదు. బస్సులో ఇయర్‌ఫోన్లు లేకుండా, రెండు బొటనవేళ్లతో ఆడే కుర్రాడికి మౌస్, కీబోర్డ్ కోసం చేసిన ఆటను ఉన్నదున్నట్టు ఇస్తే మొదటి నిమిషంలోనే చచ్చిపోయి అన్‌ఇన్‌స్టాల్ చేసేవాడు.