సీసీఎల్5 గారి దివ్య సముఖానికి

రోగనిరోధక కణాలని తమ వైపు పిలిచే ప్రోటీన్, మహారాజశ్రీ రీకాంబినెంట్ (జన్యువుని వేరే కణంలో పెట్టి తయారుచేసిన) హ్యూమన్ సీసీఎల్5 గారికి, ల్యాబ్‌లో మీ ఊడిగంలో ఉన్న పరిశోధక విద్యార్థి విన్నవించుకునేది.

తమరు వేంచేసిన వయల్‌ని లైటుకి ఎత్తిపట్టి ఎటు తిప్పి చూసినా లోపల ఏమీ లేదు. ఉందట! 10 మైక్రోగ్రాముల పొడి, గాజుకి అంటుకుని ఉంటే కంటికి ఆనదట. అందుకే మూత తీసే ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక తిప్పు తిప్పి తమరిని అడుగుకి దించాలి. ఖాళీ సీసాని ఇంత భక్తిగా తిప్పడం ఈ వృత్తిలోనే చూశాను.

ఆ తర్వాత మొదలవుతాయి మీ మర్యాదలు. వోర్టెక్స్ యంత్రం మీద గిరగిరా కుదిపితే నురగొచ్చి చెడిపోతారు, నెమ్మదిగా కలపాలి. నీళ్లలో ఒంటరిగా ఉంచితే ట్యూబు గోడకి అతుక్కుపోతారు. తోడుగా 0.1 శాతం బీఎస్ఏ, అంటే ఆవు రక్తంలోని ఆల్బుమిన్, వెయ్యాలి. మిమ్మల్ని మిల్లీలీటరుకి 0.1 మిల్లీగ్రాము చొప్పున కరిగిస్తే, తూకంలో మీరు ఒక వంతు, మీ అంగరక్షకులు పది వంతులు! ఆపైన చిన్న చిన్న వాటాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పడుకోబెట్టాలి. ఒకసారి కరిగించినవాళ్లని మళ్లీ గడ్డకట్టిస్తే అలుగుతారు. ఫ్రీజర్ అలారం మోగితే మా ఇళ్లల్లో నిద్రలుండవు. అంత టెన్షన్ మీకు మాత్రం లేదు.

ఇంతా చేసి మీ వంశం సంగతి మాకు తెలియనిది కాదు. పేరులో హ్యూమన్ అని ఉంది గానీ, పుట్టి పెరిగింది చాలాసార్లు ఈ.కోలై బ్యాక్టీరియా కడుపులోనే. 68 అమైనో ఆమ్లాలు, ఒంట్లో రెండు డైసల్ఫైడ్ బంధాలు. బ్యాక్టీరియాలో ముద్దగా పడి ఉన్న మిమ్మల్ని విప్పి, మళ్లీ మడతపెట్టి, శుభ్రం చేసి మనిషిని చేశారు. అయినా లేబుల్ మీద ‘మనుషులకి వాడరాదు, పరిశోధనకి మాత్రమే’ అని రాసి ఉంటుంది. పోనీ పుట్టింటి ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పొరలోని విషం) కాస్త వెంట తెచ్చుకున్నారనుకోండి, మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలు దాన్ని చూసే ఉలిక్కిపడతాయి. గొడవ దానిది, పేరు మీది.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది మీ తలపొగరు. తలపొగరు అని ఊరికే అనలేదు. బ్యాక్టీరియా ఏ ప్రోటీన్‌నైనా మెథియోనిన్‌తో మొదలుపెడుతుంది. మీ అసలు తల సెరిన్. ఆ ముందున్న మెథియోనిన్ తీసెయ్యకుండా వదిలేస్తే ఏమవుతుందో 1996లో తేలింది. 68కి ఒక్కటి ఎక్కువ, అంతే. ఆ మెట్-రాంటెస్ (రాంటెస్ మీ పాత పేరే) కణం మీద మీరు పట్టుకునే రిసెప్టర్‌ని పట్టుకుంటుంది, కానీ కణాన్ని కదిలించదు. పైపెచ్చు అసలు మిమ్మల్ని కూడా రానివ్వదు! పని చెయ్యకపోగా కుర్చీ ఖాళీ చెయ్యని అధికారి అన్నమాట. పోనీలెండి, రిసెప్టర్‌ని అడ్డుకునే మందులు వెతికేవాళ్లకి ఆ అధికారే ఆయుధమయ్యాడు.

మీ గొప్ప కాదనను. 1995లో మీ జ్ఞాతి ప్రోటీన్లు ఎంఐపీ-1 ఆల్ఫా, బీటాలతో కలిసి మీరు హెచ్ఐవీని అడ్డుకుంటారని బయటపడింది. మరుసటి ఏడాదే మీరు పట్టుకునే రిసెప్టర్ సీసీఆర్5 ఆ వైరస్‌కి దొడ్డిదారి అని తెలిసింది. అదే సీసీఆర్5ని మూసే మారవిరాక్ 2007లో మందుగా వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నవారు కణాల నడక కొలిచే నా ట్రాన్స్‌వెల్ ప్లేట్‌లో ఎందుకంత నాటకం ఆడతారో!

కింద గదిలో మీరు, పై గదిలో కణాలు, మధ్యలో రంధ్రాల పొర. బాయ్డెన్ గారు 1962లో చూపించిన ఏర్పాటుకి మనవలే ఇవన్నీ. కొంచెం వేస్తే కణాలు పట్టించుకోవు. సరిపడా వేస్తే బిలబిలమని దిగుతాయి. అంత బాగుంటే ఇంకాస్త అని మోతాదు పెంచితే మళ్లీ కదలవు! రిసెప్టర్లన్నీ మీతో నిండిపోయాక ఎటు వెళ్లాలో వాటికి తెలియదు. పైన, కింద సమానంగా ఉన్నా అంతే సంగతులు. అంతటా తానే ఉండే నాయకుడి వెనక ఎవరు నడుస్తారు? మా సూపర్‌వైజర్‌కి ఈ సూత్రం చెప్పాలని చాలాకాలంగా ఉంది, ధైర్యం చాలడం లేదు.

విన్నపాలు రెండే. లాట్ నంబరు మారినప్పుడల్లా స్వభావం మార్చుకోకండి, ప్రతిసారీ మోతాదు గ్రాఫు మొదటినుంచి గీయలేక చస్తున్నాం. రెండోది, పోలిక కోసం మీరు లేకుండా ఉంచిన కంట్రోల్ బావిలో (ప్లేట్‌లోని గుంటలో) కణాలు మీరున్న బావికన్నా జోరుగా దిగుతున్నాయి. అది మీ పనో వాటి పనో రేపు ల్యాబ్ మీటింగ్‌కి ముందే తేల్చి చెప్పగలరు.

ఇట్లు,
తమ పిపెట్ పట్టుకున్నవాడు