మధ్యాహ్నపు ఎండే మన బంకు

మే నెలలో మధ్యాహ్నం పన్నెండు దాటితే అనంతపురం టవర్‌క్లాక్ చుట్టుపక్కల ఆటోలన్నీ నీడ వెతుక్కుంటాయి. గిరాకీ ఉండదు. ఎండ తగ్గేదాకా డ్రైవర్లు వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని నడుం వాలుస్తారు. సరిగ్గా అదే వేళకు కర్నూలు వైపు గని, శకునాల గ్రామాల భూముల్లోని 1,000 మెగావాట్ల సోలార్ పార్కులో కరెంటు పుష్కలంగా పుడుతుంది. ఆటో ఎలక్ట్రిక్‌దైతే ఖాళీగా ఉన్న ఆ వేళే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. కొత్త పెట్రోలు, డీజిలు బండ్ల అమ్మకాన్ని నిషేధించాలా అన్న చర్చలో సీమకు కలిసొచ్చేది ఇక్కడే అని మా నమ్మకం.

లెక్క చూడండి. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే డీజిలు ఆటో లీటరుకు 30 ఇస్తుందనుకున్నా మూడు లీటర్లకు పైనే తాగుతుంది. మూడొందలు బంకులోనే అయిపోతాయి. అదే దూరానికి ఎలక్ట్రిక్ ఆటోకు పది యూనిట్లు, యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా వంద దాటదు. మిగిలే రెండొందలు ఇంటి బాడుగకో, పిల్లల ఫీజుకో ఈ ఊళ్లోనే ఖర్చవుతాయి. బంకులో కట్టిన దాంట్లో పన్నులు పోగా ఎక్కువ భాగం దేశం దాటిపోతుంది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే మరి.

నష్టం లేదని మేము అనం. రాష్ట్రం పెట్రోలుపై 31 శాతం, డీజిలుపై 22.25 శాతం వ్యాట్ వేస్తోంది. లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు వేరే. ఆ రాబడి తగ్గితే ఎక్కడ పూడుస్తారో ప్రభుత్వం ఇప్పుడే చెప్పాలి.

అంతకంటే మాకు టెన్షన్ మెకానిక్ షెడ్ల గురించే. ఎలక్ట్రిక్ బండికి ఇంజినాయిల్ మార్చే పని లేదు, సైలెన్సర్ లేదు. చిన్నప్పుడే షెడ్డులో చేరి, మసి చేతులతో పానా పట్టి ఎదిగిన మనిషికి ఆ పనులే అన్నం. మోటారు, కంట్రోలర్, బ్యాటరీ రిపేరు నేర్పకుండా నిషేధం తెస్తే అతని కడుపు కొట్టినట్టే. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా 2025లో ఎలక్ట్రిక్ కారూ తెచ్చింది. పెద్ద ఫ్యాక్టరీ తట్టుకుంటుంది, చిన్న షెడ్డు తట్టుకోలేదు.

తేదీ ప్రకటించడం తేలిక. బ్రిటన్ 2030 అంది, 2023లో 2035కు జరిపింది, మళ్లీ 2030కే వచ్చింది. మన నీతి ఆయోగ్ కూడా 2023 నుంచి త్రీవీలర్లన్నీ ఎలక్ట్రిక్‌వే అమ్మాలని 2019లో ప్రతిపాదించింది. అమలు కాలేదు. నార్వే మాత్రం నిషేధ చట్టం లేకుండానే పన్నులతో దారికి తెచ్చింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే.

అందుకే ట్రాక్టర్లు, తాడిపత్రి లారీల జోలికి ఇప్పుడు పోవద్దు. ముందు పట్టణాల్లో కొత్త ఆటోలతో మొదలుపెట్టాలి. ఎలక్ట్రిక్ ఆటో ఖరీదు ఎక్కువ కాబట్టి, ప్రైవేటు ఫైనాన్స్ వడ్డీకి డ్రైవర్‌ను వదిలేయకుండా బ్యాంకు లోను ఇప్పించాలి. రాత్రిపూట ఛార్జింగ్ పెడితే ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలాంటి చోట్ల బొగ్గు కాల్చిన కరెంటే ఎక్కువగా వస్తుంది. పగటి కరెంటు చవగ్గా ఇస్తే డ్రైవర్లు పగలే పెట్టుకుంటారు. సప్తగిరి సర్కిల్‌లో ఒక రేకుల షెడ్డు, పది ప్లగ్గులు, మధ్యాహ్నం రేటు రాసిన బోర్డు. కార్పొరేషన్, విద్యుత్ పంపిణీ సంస్థ కలిసి వచ్చే వేసవిలోపు ఈ మాత్రం చేయాలి. నిషేధం తేదీ గురించి ఆ తర్వాత మాట్లాడదాం.