రక్తానికి 42 రోజుల లెక్క

"అన్నా, బ్లడ్ బ్యాంకు యాడుంది?"

కర్నూలులో ఒక ఆసుపత్రిలో మా చిన్నమ్మకు ఆపరేషన్ జరిగిన రోజు, మెట్ల దగ్గర ఒకాయన నన్ను అడిగాడు. ఆలూరు వైపు మనిషి. ఒక చేతిలో డాక్టరు రాసిచ్చిన కాగితం, ఇంకో చేతిలో భార్య రక్తం శాంపిల్ ఉన్న చిన్న ట్యూబులు. కాన్పయ్యాక రక్తం పోవడం ఆగలేదంట. ఇద్దరం కలిసే వెళ్లాం. కిటికీలో అమ్మాయి కాగితం చూసి, "బదులు ఇచ్చేవాళ్లు ఎవరున్నారు?" అని అడిగింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నేను తప్ప ఎవరూ లేరు. ఊళ్లో సగం మంది గుంటూరు మిరప కోతలకు సుగ్గి, అంటే కూలి పనుల వలస, పోయారట. "నాదే తీసుకోండి మేడమ్. గ్రూపు మాత్రం తెల్దు" అన్నాడు. చేతి చెమటకు కాగితం మీద సిరా అలుక్కుపోతోంది.

ఆయన ఇచ్చిన రక్తం ఆ గంటలో ఆయన భార్యకు పనికిరాదు. సేకరించిన ప్రతి సంచీకి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాల్సిందే. వాటికి గంటలు పడుతుంది. ఆమెకు ఎక్కింది అప్పటికే ఫ్రిజ్‌లో ఉన్న సంచీ. ముక్కూ మొహం తెలియని మనిషి ఎప్పుడో ఇచ్చి వెళ్లిన రక్తం. మరి అది చేతికి రాకముందు అరగంట, తీసుకునే సంచీకి మారుగా మీవాళ్లెవరైనా రక్తం ఇవ్వాలనే ఈ 'బదులు' మాటల్లోనే ఎందుకు పోవాలి? ఆ అరగంట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

రక్తం ఎక్కించడం అంటే గ్లూకోజు పెట్టినట్టే అనుకుంటాం. "పిల్లకు నీరసంగా ఉంది సార్, ఒక సీసా రక్తం ఎక్కించండి" అని అడిగేవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. నిజానికి అది ఒక మనిషి ఒంట్లోని జీవకణాలను ఇంకో మనిషి ఒంట్లోకి పంపడం. అవయవ మార్పిడికి చుట్టం లాంటిది. లండన్‌లో జేమ్స్ బ్లండెల్ అనే ప్రసూతి వైద్యుడు 1818లో మనిషి రక్తాన్ని మనిషికి ఎక్కించే ప్రయత్నాలు మొదలుపెట్టాడు. కాన్పయ్యాక రక్తం పోయి కళ్ల ముందే ప్రాణాలు వదులుతున్న బాలింతలే ఆయన్ని ఆ పనికి పురిగొల్పారు. కొందరు బతికారు, కొందరు పోయారు. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తంలో గ్రూపులున్నాయని చూపించాకే ఆ ముడి వీడింది. ఈ రోజు గ్రూపు కలిసినా సరిపోదు. దాత రక్తాన్నీ రోగి రక్తాన్నీ కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ చేయాలి. సంచీ పెట్టిన మొదటి పావుగంట దగ్గరుండి చూడాలి. చలి, జ్వరం, నడుం నొప్పి, దురద, ఏది మొదలైనా వెంటనే ఆపాలి. మంచం పక్కన కూర్చునే మనవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబుతున్నారా? సంచీ చల్లగా ఉందని వేడినీళ్లలో పెడితే ఎర్రకణాలు పగిలిపోతాయనీ చెప్పాలి.

నీరసానికి రక్తం మందు కాదు. ఒంట్లో వేరే ఇబ్బంది లేనివారికి హిమోగ్లోబిన్ 7 గ్రాముల కిందికి పడితేనే సాధారణంగా ఎక్కించే ఆలోచన చేస్తారు. ఒక సంచీతో పెరిగేది సుమారు ఒక గ్రాము. మిగతా పని ఐరన్ మాత్రలు, తిండి చేస్తాయి. అనవసరంగా ఎక్కించిన ప్రతి సంచీ, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బుతో రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన ఏ పిల్లాడి వంతో కావచ్చు.

ఇక అసలు లెక్క. ఎర్రకణాలను ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులే దాచగలం. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒకసారి ఇచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వడానికి 90 రోజులు ఆగాలి, ఆడవాళ్లు 120 రోజులు. ఇప్పుడు మన రక్తదాన శిబిరాలు చూడండి. నాయకుడి పుట్టినరోజో వర్ధంతో వస్తుంది, ఒక్క రోజులో వందల మంది వరుస కడతారు. ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ సంచీలన్నిటికీ గడువు ఇంచుమించు ఒకేసారి తీరుతుంది. ఆరు వారాల తర్వాత ఆ ఫ్రిజ్ ఖాళీ అవుతుంది. ఇచ్చినవాళ్లు మళ్లీ అర్హులు కావడానికి ఇంకా నెలన్నర పైగా ఉంటుంది. ఎండాకాలం కాలేజీలకు సెలవులిస్తే విద్యార్థి దాతలూ ఉండరు. కాన్పులు, హైవే ప్రమాదాలు మాత్రం సెలవులు చూసుకుని రావు.

ఆ ఖాళీని పూడ్చడానికే 'బదులు' పద్ధతి వచ్చింది. రక్తం అమ్ముకోవడాన్ని సుప్రీంకోర్టు 1996 తీర్పుతో 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. బదులు రక్తం పద్ధతిని మెల్లగా వదిలించుకోవాలని 2002 జాతీయ రక్త విధానం చెప్పింది. అయినా టెన్షన్‌లో ఉన్న కుటుంబాన్ని దాత కోసం పరిగెత్తిస్తే, బంధువు వేషంలో డబ్బుకు అమ్మేవాడు దొరుకుతాడు. అతను తన జబ్బుల గురించి నిజం చెబుతాడని నమ్మకమేంటి? ఏ ఒత్తిడీ లేకుండా, పదే పదే ఇచ్చే మనిషి రక్తమే అన్నిటికంటే భద్రం.

కాబట్టి నేను అడిగేది ఇంకో పెద్ద శిబిరాన్ని కాదు, ఒక క్యాలెండర్‌ని. పుట్టినరోజుకు వచ్చే మూడొందల మందిని వారానికి పాతిక మంది చొప్పున పిలిస్తే 12 వారాలు గడుస్తాయి. ఆలోపు మొదటి పాతిక మందికి 90 రోజులు దాదాపు నిండిపోతాయి. కోసిగి, ఆలూరు పల్లెల్లో సుగ్గి బండ్లు కదలకముందే గర్భిణులకు హిమోగ్లోబిన్ పరీక్ష చేసి, మాత్రలు చేతికిచ్చి పంపాలి. వాళ్లతో వెళ్లే మగవాళ్లకు అదే రోజు గ్రూపు చూసి కార్డు రాసివ్వాలి.

ఆ రోజు ఆలూరాయనకు ఇచ్చిన కార్డు మీద ఓ పాజిటివ్ అని ఉంది. 350 మిల్లీలీటర్లు ఇచ్చాక దాన్ని ఆధార్ కార్డు కవర్లో పెట్టుకుంటూ, "మళ్లా ఎప్పుడియ్యొచ్చు మేడమ్?" అన్నాడు. కిటికీలో అమ్మాయి మూడు నెలలని చెప్పింది. తేదీ మాత్రం ఎక్కడా రాసుకోలేదు.