ఊరి నీళ్లకు ఊరి లెక్క

అనంతపురం జిల్లాలో ఏ చీనీ (బత్తాయి) తోట రైతును కదిలించినా ముందు వచ్చేది బోర్ల లెక్కే. ఎన్ని వేశాడు, ఎన్నింటిలో నీళ్లు పడ్డాయి, ఎన్ని అడుగులకు పోయాడు. తాతలు కపిలె తోలిన బావుల్లో ముళ్లకంప మొలిచింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లు వస్తారు, రాత్రంతా రిగ్గు మోగుతుంది, తెల్లారేసరికి పొలంలో తెల్లటి రాతిపొడి మిగులుతుంది, ఇంట్లో అప్పు మిగులుతుంది.

ఇక్కడిది ఎక్కువగా గ్రానైటు నేల. నీరు నిలిచేది పైన మెత్తబడిన పొరలో, దాని కింద రాతి చీలికల్లో. లోతుకు పోయేకొద్దీ ఆ చీలికలూ తగ్గిపోతాయి. వెయ్యి అడుగుల బోరులో పడేది చాలాసార్లు పక్క చేని బోరుకు అందాల్సిన నీరే. అన్నదమ్ముల పొలాల్లోనే ఒకరి బోరు మరొకరి బోరును ఎండగడుతోంది.

అందుకే లెక్క బోరు దగ్గర కాదు, పైరు దగ్గర మొదలవ్వాలి. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇలాంటి రాతి నేలలో అందులో ఇంకేది పదోవంతు అనుకుందాం. ఎకరాకు ఏడాదికి 2 లక్షల 20 వేల లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే ఎకరాకు 48 లక్షల లీటర్లు పైమాటే. మడిలో పెట్టిన దాంట్లో కొంత తిరిగి ఇంకుతుంది, నిజమే. అది తీసేసినా, బోరు కింద ఒక ఎకరా వరి పండాలంటే చుట్టూ పది, పదిహేను ఎకరాల్లో ఇంకిన వాన అక్కడికి చేరాలి. ఏడాది పొడవునా తడి కోరే అరటి సంగతి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఈ నేలను ఏలిన కొర్ర వాన మీదే గట్టెక్కేది.

ఇంత చెప్పి రైతును తప్పుపట్టలేం. వేరుశనగ ఏళ్ల తరబడి ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసి ముంచింది. బతుకు మీద ఆశతోనే రైతు బోరు వైపు తిరిగాడు. వరి పండిస్తే కొనేవాళ్లున్నారు, ఇంట్లో తిండికీ ఉంటుంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో కొర్ర పేరే లేదు. జొన్న, సజ్జ, రాగి ఉన్నా ఊళ్లో కాటా పెట్టి కొనకపోతే ఆ ధర కాగితం మీదే ఉంటుంది. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. దాన్ని తీసేయాలని మేం అనం. అయితే మోటారు ఆపమని చెప్పే సంకేతం రైతుకు మరెక్కడి నుంచీ రావడం లేదన్నది గుర్తించాలి. డ్రిప్పు మేలు చేసింది, కానీ మిగిలిన నీటితో తోట ఇంకో రెండెకరాలు పెరిగితే భూమిలో మిగిలేది సున్నా.

హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకంతో కృష్ణా నీళ్లు వచ్చాయి. చెరువులు నిండిన చోట బోర్లకు ఊపిరి వచ్చింది. ఆ నీళ్లను చూసి ఆయకట్టంతా వరి నాటితే మాత్రం పాత కథ మళ్లీ మొదలవుతుంది.

దారి చూపిన అనుభవం మన దగ్గరే ఉంది. భూగర్భజలాల నిర్వహణను రైతుల చేతికే ఇచ్చిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ ప్రాజెక్టు కింద అనంతపురం, కడప, కర్నూలు సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం చూశారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఏ పైరు ఎన్ని ఎకరాలు సరిపోతుందో లెక్క వేసుకున్నారు. ఎవరి మీదా బలవంతం లేదు. లెక్క కళ్లముందు ఉంటే చాలామంది వరి తగ్గించుకున్నారు. అధికారి వచ్చి బోరు వద్దంటే వినని ఊరు, తన లెక్క తను విన్నది. బోర్లకు హద్దులు పెట్టిన 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సాధించలేనిది ఇదే.

ఆ పనిని ప్రాజెక్టుతో ముగించకుండా పంచాయతీల శాశ్వత బాధ్యతగా చేయాలని మేం కోరుతున్నాం. ఏటా అక్టోబరులో భూగర్భజల శాఖ నీటిమట్టం లెక్కలు రైతుకు అర్థమయ్యే మాటల్లో ఊరి సచివాలయం గోడ మీద ఉండాలి. గ్రామసభలో నీటి లెక్క తేలిన వారంలోపే కొర్ర, రాగి, కంది, ఉలవ ఏ ధరకు, ఏ ఊళ్లో కొంటారో ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. రబీ విత్తనం నేలలో పడకముందే చెప్పాలి. నాట్లు పూర్తయ్యాక వచ్చే ప్రకటన రైతుకూ అక్కరకు రాదు, బోరుకూ రాదు.